ఆమ్లం కలిపిన నీళ్ళకు పీహెచ్ 8 వస్తుందా?

ఇంటర్ కెమిస్ట్రీ చదివినవాళ్ళకు ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది: 10⁻⁸ మోలార్ (అంటే లీటరుకు 10⁻⁸ మోలు; మోలు అణువుల లెక్కకు కొలత) హైడ్రోక్లోరిక్ ఆమ్ల ద్రావణం పీహెచ్ ఎంత? సూత్రం నోటికి వచ్చిందే. గాఢతలో పది మీద ఉన్న ఘాతాన్ని తీసుకుని రుణ గుర్తు చెరిపేస్తే 8. ఇచ్చిన నాలుగు జవాబుల్లో 8 తప్పకుండా ఉంటుంది. ప్రశ్న తయారుచేసినవారు వల వేసిందే అక్కడ.

పీహెచ్ 7 తటస్థం, దానికి తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. అంటే 8 క్షారం. మంచినీళ్ళలో ఎంత కొంచెమైనా ఆమ్లమే కలిపాం కదా, అది క్షారమెలా అవుతుంది? పులిసిన మజ్జిగలో నిమ్మకాయ పిండితే పులుపు తగ్గిందన్నట్టే ఉంటుంది ఆ జవాబు. సరైన జవాబు 6.98. ఏడుకు వెంట్రుకవాసి తక్కువ. ఈ 8కీ 6.98కీ మధ్య ఉన్నది లెక్కలో పొరపాటు కాదు, లెక్క మొదలుపెట్టేముందు అడగాల్సిన ఒక ప్రశ్న అడగకపోవడం: ద్రావణంలో ఉన్న ఈ హైడ్రోజన్ అయాన్లు ఎక్కడి నుంచి వచ్చాయి? పీహెచ్ అనే అంకె ఆ సంగతి చెప్పదు. అవి ఎన్ని ఉన్నాయో మాత్రమే చెబుతుంది, అదీ నేరుగా కాదు, సంవర్గమానం (లాగ్) ముసుగు వేసుకుని.

ఆ ముసుగు వేసినవాడు డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్, 1909లో. కోపెన్‌హాగెన్‌లో బీరు తయారుచేసే కార్ల్స్‌బర్గ్ కంపెనీ 1875లో పెట్టిన ప్రయోగశాలలో ఆయన పని. బీరు అంటే పులియబెట్టడం, పులియబెట్టడమంటే ఎంజైములు, ఎంజైములకు ఆమ్లత కాస్త అటూ ఇటూ అయితే పని సాగదు. ఆ ఆమ్లతను రాయాలంటే 0.00001, 0.0000032 లాంటి అంకెలు పేజీల నిండా రాసుకోవాలి. సున్నాలు లెక్కపెట్టడంలోనే కళ్ళు తిరుగుతాయి. అందుకని ఆయన ఘాతాన్ని మాత్రం ఉంచుకుని, దాని గుర్తు మార్చి, ఆ అంకెనే ఆమ్లతకు కొలమానం చేశాడు. 10⁻⁵ అయితే 5. రాతపని తగ్గింది. దానికి మూల్యంగా, సంవర్గమానాల లెక్కను మామూలు అంకెల లెక్క అనుకునే అలవాటు తరతరాల విద్యార్థులకు అంటుకుంది.

పీహెచ్ ఒకటి తగ్గిందంటే హైడ్రోజన్ అయాన్లు పదింతలయ్యాయని. రెండు తగ్గితే వందింతలు. అదే, అయాన్లు రెట్టింపైతే పీహెచ్ తగ్గేది 0.30 మాత్రమే. ఈ లెక్కలు నోటితో చేయడానికి నాలుగు సంవర్గమానాలు గుర్తుంటే చాలు: 2కు 0.30, 3కు 0.48, 5కు 0.70, 7కు 0.85. గాఢత 5×10⁻³ అయితే 3లోంచి 0.70 తీసేస్తే 2.30. పాతకాలం లాగ్ టేబుల్ పుస్తకాలు అట్టలూడిపోయేదాకా తిరగేసిన తరానికి ఇవి కంఠతా వచ్చేవి.

పీహెచ్ 2 ఉన్న బలమైన ఆమ్లం ఒక లీటరు, పీహెచ్ 4 ఉన్నది ఒక లీటరు కలిపితే ఎంత? సగటు చూసి 3 అనేస్తారు చాలామంది. మొదటిదాంట్లో 0.01 మోలు, రెండోదాంట్లో 0.0001 మోలు ఉన్నాయి. కలిపితే 0.0101, దాన్ని రెండు లీటర్లకు పంచితే 0.00505. దాని పీహెచ్ 2.30. రెండో సీసా చేసిందల్లా మొదటిదాన్ని సగానికి పలచన చేయడమే, నీళ్ళు పోసినా దాదాపు ఇదే జవాబు. పీహెచ్‌లను కూడకూడదు, సగటు తీయకూడదు. ముసుగు తీసి గాఢతల్లోకి వెళ్ళి, అక్కడ కూడికలూ భాగహారాలూ చేసుకుని, చివర మళ్ళీ ముసుగు వేయాలి.

ఇక నీటి సంగతి. నీళ్ళు ఆమ్లానికీ క్షారానికీ ఊరికే చోటిచ్చే గిన్నె లాంటివి కావు. ఒక నీటి అణువు తన హైడ్రోజన్ అయాన్‌ను పక్క అణువుకు ఇచ్చేస్తుంది, మరో క్షణంలో ఇంకెక్కడో తిరిగి పుచ్చుకుంటుంది. ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం అని 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ విడివిడిగా చెప్పారు. ఆ నిర్వచనం ప్రకారం నీరు రెండు వేషాలూ వేస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏ క్షణంలో చూసినా సుమారు 55 కోట్ల నీటి అణువులకు ఒకటి చొప్పున ఇలా విడిపోయి ఉంటుంది. అంత అరుదు. అయినా లీటరు నీళ్ళలో అణువుల సంఖ్య లెక్కకందనిది కాబట్టి అదే 10⁻⁷ మోలు అవుతుంది. హైడ్రోజన్ అయాన్లు అంత, హైడ్రాక్సైడ్ అయాన్లూ అంతే. రెంటినీ గుణిస్తే 10⁻¹⁴. దీన్నే నీటి అయానిక లబ్ధం అంటారు. ఆమ్లం కలిపినా క్షారం కలిపినా ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గుతుందే తప్ప ఈ లబ్ధం మారదు. 0.001 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో హైడ్రాక్సైడ్ 10⁻³ కాబట్టి హైడ్రోజన్ అయాన్లు 10⁻¹¹, పీహెచ్ 11.

ఇప్పుడు మొదటి ప్రశ్న. బీకరులో 10⁻⁸ మోలు ఆమ్లం నుంచి వచ్చింది, సరే. నీళ్ళు అంతకుముందే పెట్టుకున్న 10⁻⁷ సంగతేమిటి? అది ఆమ్లం ఇచ్చినదానికి పదింతలు! ఇంటివాళ్ళను వదిలేసి వచ్చిన చుట్టాన్ని మాత్రం లెక్కపెట్టినట్టు, 8 అన్న జవాబు నీటి వాటాను పూర్తిగా మరిచిపోయింది. రెండూ కూడి 1.1×10⁻⁷ అంటే పీహెచ్ 6.96 వస్తుంది. ఇది 8 కన్నా చాలా నయం, కానీ ఇంకా కచ్చితం కాదు. బయటి నుంచి హైడ్రోజన్ అయాన్లు వచ్చి పడ్డప్పుడు నీరు తను విడిపోవడం కాస్త తగ్గించుకుంటుంది. లీ షాట్లియర్ సూత్రం చెప్పేది ఇదే. మొత్తం హైడ్రోజన్ అయాన్ల గాఢతను ‘య’ అనుకుంటే, అందులో ఆమ్లం వాటా 10⁻⁸, నీటి వాటా హైడ్రాక్సైడ్‌తో సమానం, అంటే 10⁻¹⁴/య. ఈ రెండూ కలిస్తే య. సర్దితే య² − 10⁻⁸య − 10⁻¹⁴ = 0 అనే వర్గ సమీకరణం. సాధిస్తే య = 1.05×10⁻⁷, పీహెచ్ 6.98. నీటి వాటా 1.00 నుంచి 0.95కు తగ్గింది.

ఇదే లెక్కను సరిగ్గా 10⁻⁷ మోలార్ ఆమ్లానికి చేస్తే ఒక చిన్న వింత. య విలువ 1.618×10⁻⁷ వస్తుంది. గణితంలో స్వర్ణ నిష్పత్తి అని పేరుపడ్డ అంకె అదే. రసాయనశాస్త్రంలో దాని వెనక మర్మమేమీ లేదు, సమీకరణం ఆకారం అలా కుదిరింది అంతే. పీహెచ్ 6.79. దీన్నిబట్టి ఎక్కడిదాకా నీటిని మరిచిపోవచ్చో కూడా తెలుస్తుంది. ఆమ్లం 10⁻⁶ మోలార్ కన్నా ఎక్కువ ఉంటే నీటి వాటా నూటికి ఒకటి కూడా ఉండదు. అంతకు దిగితేనే వర్గ సమీకరణం.

పరీక్షకు ఇంతవరకు చాలు. కానీ నిజంగా ఎవరైనా బీకరులో ఈ ద్రావణం కలిపి పీహెచ్ మీటరు ముంచితే 6.98 కనబడుతుందా? కనబడదు. స్వేదన జలాన్ని గాలికి వదిలేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అందులో కరుగుతుంది, కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. అలా వచ్చే హైడ్రోజన్ అయాన్లు సుమారు 2.5×10⁻⁶ మోలార్, పీహెచ్ 5.6. కాలుష్యం సోకని వాన చినుకు పీహెచ్ కూడా ఇంతే. అంటే గాలి ఇచ్చే ఆమ్లం, ప్రశ్నలో కలిపామన్న ఆమ్లానికి 250 రెట్లు. మన 10⁻⁸ అందులో ఎక్కడుందో వెతకాలి. 6.98 అన్నది గాలి తగలని గిన్నెలో, కాగితం మీద మాత్రమే నిలిచే జవాబు. ప్రశ్న పనికిరానిదని కాదు, అది నీటిని మరిచిపోవద్దని నేర్పుతుంది. అయితే ఆ ప్రశ్నను వందసార్లు చేయించే క్లాసుల్లో గాలి మాట ఒక్కసారి ఎత్తినా బాగుండేది. ల్యాబులో స్వేదన జలం పీహెచ్ 5.8 చూపిస్తే మీటరు పాడైందనుకుని దాన్ని ఒకటికి పదిసార్లు తుడిచే పని తప్పేది.

తటస్థం అంటే 7 అన్నది కూడా 25 డిగ్రీల మాటే. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఎక్కువ అణువులు విడిపోతాయి. 60 డిగ్రీల దగ్గర తటస్థ నీటి పీహెచ్ సుమారు 6.5, మరిగే నీళ్ళలో సుమారు 6.1. అవి ఆమ్లమేమీ కావు, హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు అక్కడా సమానమే.

బలహీన ఆమ్లాల దగ్గరకు వస్తే ‘ఎక్కడి నుంచి’ అన్న ప్రశ్న ఇంకో రూపం ఎత్తుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీళ్ళలో పడగానే ఉన్నదంతా విడిపోతుంది. 0.1 మోలార్ అయితే పీహెచ్ 1. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం అలా కాదు. ఎంతమేర విడిపోతుందో చెప్పే దాని అయనీకరణ స్థిరాంకం 1.8×10⁻⁵. విడిపోయినది మొత్తంలో కొంచెమే కాబట్టి అదే 0.1 మోలార్ గాఢతను స్థిరాంకంతో గుణించి వర్గమూలం తీస్తే సరిపోతుంది: 1.8×10⁻⁶ వర్గమూలం 1.34×10⁻³, పీహెచ్ 2.87. వంద అణువుల్లో విడిపోయినది ఒకటి, ఒకటిన్నర. తక్కినవన్నీ గాదెలో గింజల్లా అలాగే ఉన్నాయి. పీహెచ్ చూసేది చేటలో పోసినవాటిని మాత్రమే.

గాదె ఉందో లేదో తెలిసేది క్షారం పోసినప్పుడు. పీహెచ్ 2.87 ఉన్న రెండు ద్రావణాలు తీసుకుందాం. ఒకటి 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం, ఇంకొకటి 0.00134 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మీటరుకు రెండూ ఒకటే. పది మిల్లీలీటర్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని తటస్థం చేయడానికి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 0.13 మిల్లీలీటర్లు చాలు, అంటే బ్యూరెట్ నుంచి రెండు మూడు చుక్కలు. ఎసిటిక్ ఆమ్లానికి పది మిల్లీలీటర్లూ కావాలి. చేటలోంచి తీసేకొద్దీ గాదెలోంచి కొత్తవి వస్తూనే ఉంటాయి మరి.

నీళ్ళు పోసి పలచన చేసినా ఇదే తంతు. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వందింతలు పలచన చేస్తే పీహెచ్ సరిగ్గా రెండు పెరుగుతుంది. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లాన్ని 0.001 మోలార్ చేస్తే 2.87 నుంచి 3.90కి పెరుగుతుంది, ఒకటికి కాస్త పైన. పలచనయ్యేకొద్దీ విడిపోయే వాటా పెరిగి ఇప్పుడు పన్నెండున్నర శాతమైంది. ఇక్కడ వర్గమూలం అడ్డదారి కాస్త తడబడుతుంది, 3.87 చూపిస్తుంది. విడిపోయే వాటా అయిదు శాతం దాటితే వర్గ సమీకరణం చేయాలన్న నియమం ఇందుకే. సల్ఫ్యూరిక్ ఆమ్లంతోనూ జాగ్రత్త అవసరం. రెండు హైడ్రోజన్లున్నాయని గాఢతను రెండుతో గుణించేస్తారు. మొదటిది పూర్తిగా విడిపోతుంది గానీ రెండోది బిగించి కూర్చుంటుంది. 0.01 మోలార్ ద్రావణానికి గుణకారం 1.70 చెబితే, అసలు లెక్క సుమారు 1.84 ఇస్తుంది.

తటస్థీకరణం పూర్తయింది కాబట్టి పీహెచ్ 7 వస్తుందనుకోవడం మరో పొరపాటు. పైన ఎసిటిక్ ఆమ్లానికి సరిపడా క్షారం పోసేశాక బీకరులో మిగిలేది సోడియం ఎసిటేట్. ఎసిటేట్ అయాన్ నీటి దగ్గర ఒక హైడ్రోజన్ లాక్కుని హైడ్రాక్సైడ్‌ను వదులుతుంది. లెక్కవేస్తే పీహెచ్ 8.72. అందుకే ఈ అంశమాపనానికి (టైట్రేషన్‌కు) 8.2కూ 10కీ మధ్య రంగు మారే ఫినాఫ్తలీన్ వాడతారు. 4.4 లోపే రంగు మారిపోయే మిథైల్ ఆరెంజ్ వాడితే బ్యూరెట్ రీడింగు ఎంత శ్రద్ధగా తీసినా వృథా.

రంగు మార్చే సూచికలు ల్యాబులోకి రాకముందే మన పెరట్లో ఉన్నాయి. పసుపు, సున్నం కలిపితే పెళ్ళికూతురి కాళ్ళకు పారాణి. ఆ రెండే నీళ్ళలో కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్ళు. పసుపులోని కుర్కుమిన్ ఆమ్లంలోనూ తటస్థ ద్రావణంలోనూ పచ్చగానే ఉంటుంది, పీహెచ్ ఎనిమిది దాటే ప్రాంతంలో ఎరుపు తిరుగుతుంది. సున్నపు తేట పీహెచ్ 12 పైమాటే కాబట్టి చిటికెడు సున్నానికే పళ్ళెమంతా ఎర్రబడుతుంది. ఆ ఎర్రనీళ్ళలో నిమ్మచెక్క పిండితే మళ్ళీ పచ్చబడతాయి. పసుపు మరక పడ్డ తెల్లచొక్కాకు సబ్బు రుద్దగానే ఎర్రమచ్చ తేలేదీ ఇందుకే.

నిమ్మ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నేటి పీహెచ్ మీటర్లకు తాత అనదగ్గ పరికరాన్ని అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ 1934లో తయారుచేశాడు. కాలిఫోర్నియా పండ్ల వ్యాపారుల సంఘంలో పనిచేసే స్నేహితుడు నిమ్మరసం ఆమ్లత ఎలా కొలవాలో తేలక ఆయన్ని అడిగాడు. ఆ అవసరంలోంచి పుట్టింది అది.

ఒకటి కాక రెండు గాదెలు నిండుగా ఉన్న ద్రావణం బఫర్. బలహీన ఆమ్లం ఒక పక్క, దాని లవణం ఇంకో పక్క. ఆమ్లం పోస్తే లవణం మింగేస్తుంది, క్షారం పోస్తే ఆమ్లం మింగేస్తుంది. మన రక్తంలో కార్బోనిక్ ఆమ్లం, బైకార్బొనేట్ చేసే పని ఇదే. బైకార్బొనేట్ లీటరుకు 24 మిల్లీమోలు, కరిగిన కార్బన్ డయాక్సైడ్ 1.2. నిష్పత్తి 20, దాని సంవర్గమానం 1.30, దానికి ఆ ఆమ్లం పీకేఏ (అయనీకరణ స్థిరాంకానికి ఇదే ముసుగు వేస్తే వచ్చే అంకె) 6.1 కలిపితే 7.40. హెండర్సన్, హాసెల్‌బాక్ పేర్లతో పిలిచే సమీకరణం ఇది. ఆరోగ్యవంతుడి రక్తం 7.35, 7.45 మధ్యే ఉంటుంది. చూడ్డానికి ఎంతో ఇరుకు హద్దు. ముసుగు తీస్తే ఆ 0.1 తేడా హైడ్రోజన్ అయాన్లలో 26 శాతం తేడా.

ఈ లెక్కలన్నీ పుస్తకం దాటి డబ్బుతో ముడిపడే చోటు మనకు దగ్గర్లోనే ఉంది. భీమవరం నుంచి నెల్లూరు దాకా రొయ్యల చెరువుల మీద బతికేవాళ్ళకు పీహెచ్, ఆల్కలినిటీ, అమోనియా రోజూ నోట్లో నానే మాటలు. పొద్దున్నా మధ్యాహ్నమూ నీళ్ళు పట్టి చూస్తారు. రెండుసార్లు ఎందుకంటే చెరువు పీహెచ్ రోజంతా ఒక్కలా ఉండదు. ఎండలో నీటిలోని నాచూ ప్లాంక్టనూ కార్బన్ డయాక్సైడ్‌ను తాగేస్తాయి, ఆమ్లం తగ్గుతుంది, పీహెచ్ ఎక్కుతుంది. రాత్రంతా రొయ్యతో సహా ప్రతి జీవీ ఊపిరి వదులుతూ ఉంటుంది, తెల్లారేసరికి దిగుతుంది. స్వచ్ఛమైన వాన నీళ్ళను 5.6కు దించే వాయువే ఇక్కడ పీహెచ్‌ను రాట్నంలా తిప్పుతోంది. ఆల్కలినిటీ, అంటే ముఖ్యంగా బైకార్బొనేట్, దండిగా ఉన్న చెరువు బఫర్‌లా ఈ ఊపును తగ్గించుకుంటుంది. తక్కువైన చెరువులో పొద్దున 7.5 ఉన్నది మధ్యాహ్నానికి 9 దాటొచ్చు.

దీంతో వచ్చే చిక్కు అమోనియా. మిగిలిన మేత, రొయ్యల విసర్జన కుళ్ళి నీటిలో అమోనియా చేరుతుంది. అది రెండు రూపాల్లో ఉంటుంది. హైడ్రోజన్ అయాన్ పట్టుకున్న అమోనియం అంతగా హాని చేయదు, పట్టుకోని అమోనియా విషం. ఏది ఎంత అన్నది పీహెచ్ తేలుస్తుంది. ఈ జంట పీకేఏ 25 డిగ్రీల మంచినీటిలో 9.25. పీహెచ్ 7.5 దగ్గర విషరూపం మొత్తంలో 1.75 శాతం. 9 దగ్గర 36 శాతం. కిట్టులో మొత్తం అమోనియా లీటరుకు ఒక మిల్లీగ్రామని పొద్దునా అదే, మధ్యాహ్నమూ అదే చూపిస్తుంది. రొయ్యకు తగిలే విషం మాత్రం ఇరవై రెట్లయింది. నీరు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది, ఉప్పదనం ఉంటే కాస్త తగ్గుతుంది.

పుస్తకంలో రాసుకునేటప్పుడు కొందరు రెండు రీడింగుల సగటు తీసి 8.25 అని వేసేస్తారు. 8.25 దగ్గర విషరూపం 9 శాతం, ఫరవాలేదనిపిస్తుంది. పొద్దున 1.75, మధ్యాహ్నం 36 విడివిడిగా లెక్కగట్టి సగటు తీస్తే 19 శాతం. ఆ సగటుతోనూ రొయ్యకు పనిలేదు, మధ్యాహ్నం మూడింటికి అది ఉన్నది 36 శాతంలోనే.